బిళ్ళను తిప్పి చూడండి: ఒక్క పిన్ను కోసం అంతమంది ఎందుకు వెతుకుతారు

"బిళ్ళ బంట్రోతు" అన్న మాట మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపిస్తుంది. భుజం మీంచి ఏటవాలుగా డవాలీ పట్టీ, డవాలీకి ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద కచేరీ పేరు, అంటే సర్కారు ఆఫీసు పేరు. అది తీసి పక్కన పెడితే ఆయనా ఊళ్ళో నలుగురిలో ఒకడు. పెట్టుకుని వస్తే ఆయన తెచ్చిన కాగితానికి జనం లేచి నిలబడేవాళ్ళు. ఈ రోజు కోటు కాలరుకు గుచ్చుకునే ఎనామెల్ పిన్నుదీ, క్లబ్బు బ్యాడ్జిదీ, రైల్వే కూలీ జబ్బకు కట్టుకునే నంబరు బిళ్ళదీ అదే పని. ఈ మనిషి ఎవరి తాలూకు, ఎక్కడ పనిచేశాడు, ఏ సందర్భంలో ఉన్నాడు అన్నది నోరు విప్పకుండానే చెప్పడం.

పిన్నులు పోగేసేవాళ్ళు ఒకే ఒక్క పిన్ను కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. దాని పక్కనే మెరిసిపోతున్న మరోదాన్ని చూడనైనా చూడరు. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్ళకు ఇది అంతుపట్టదు. పాతదైతే చాలు, బంగారు పూత ఉంటే చాలు, అందంగా ఉంటే చాలు అనుకుంటారు. ఈ మూడూ ఉండి కూడా అడిగే నాథుడు లేని పిన్నులు కోకొల్లలు. అసలు తేడా, ఆ పిన్ను మొదటి మనిషి చేతికి ఎలా వచ్చిందన్న దగ్గరుంది. డబ్బిస్తే ఎవరికైనా దొరికేదా, మనిషిని చూసి ఇచ్చిందా? ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఏ స్థితిలో ఉంది, రుజువేమిటి అన్నవన్నీ ఈ ప్రశ్న తర్వాతే వస్తాయి.

వెనక ధర, వెనక నంబరు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ట్రంకుపెట్టెలు తెరిస్తే బయటపడే బ్యాడ్జీల్లో సోవియట్‌వి ఉంటూనే ఉంటాయి. 1913లో పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు ఉన్న నేల ఇది. తెలుగులో అచ్చయిన సోవియట్ పుస్తకాలు చవగ్గా దొరికిన దశాబ్దాల్లో మాస్కో వెళ్ళొచ్చినవాళ్ళూ, అక్కడినుంచి వచ్చిన అతిథులూ పంచిపెట్టినవి అవి. లెనిన్ తల ఉన్న ఎర్రజెండా, పసివాడుగా ఉన్న లెనిన్ బొమ్మతో ఐదు మొనల నక్షత్రం, 1980 మాస్కో ఒలింపిక్స్ ఎలుగుబంటి మీషా.

"రష్యా బిళ్ళలు, ఇప్పుడు మంచి రేటు పలుకుతాయంట" అని ఇంట్లోవాళ్ళు ఆశపడతారు. ఒకదాన్ని వెనక్కి తిప్పి చూడండి. పలచని అల్యూమినియం రేకు, పైన పసుపు పూత, వేలితో నొక్కితే వంగే సూది. చాలావాటి మీద సూది పక్కన ఫ్యాక్టరీ గుర్తు, దాని దగ్గరే కోపెక్కుల్లో ధర అచ్చువేసి ఉంటాయి. ధర అచ్చువేశారంటే దుకాణంలో అమ్మడానికి చేసిందన్నమాట. మీషా బ్యాడ్జీల్ని లెక్కలేనన్ని రకాల్లో, లెక్కలేనన్ని చేశారు. కొన్నవాళ్ళు పారేయకుండా దాచుకున్నారు కూడా. అందుకే నలభై ఏళ్ళు దాటినా వాటికి ధర పెరగలేదు.

అదే పెట్టెలో ఒకటి మాత్రం బరువుగా, చేతికి చల్లగా తగలొచ్చు. వెనక సూది బదులు మరలున్న కాడ ఉంటుంది, కాడకు గుండ్రని నట్టు, నట్టు మీద చేసినవాళ్ళ పేరు, కొన్నిటికి వరస నంబరు. ఇది అమ్మింది కాదు. చేసిన పనికో, చేసిన సేవకో ఒక మనిషికి ఇచ్చింది. ఇలాంటివాటితో పాటు చిన్న పుస్తకమో, ధ్రువపత్రమో ఇచ్చేవాళ్ళు. అందులో పేరు, తేదీ, నంబరు ఉంటాయి. బిళ్ళ మీది నంబరూ పుస్తకంలోని నంబరూ కలిస్తే, ఆ రెంటినీ విడదీయకుండా దాచినవాళ్ళకు సేకర్తలు దణ్ణం పెట్టాలి. విడదీస్తే బిళ్ళ ఒక లోహపు ముక్క, పుస్తకం ఒక చిత్తుకాగితం.

వెనక ధర ఉంటే కొన్నది, వెనక నంబరు ఉంటే ఇచ్చింది. మొదటి వడపోతకు ఈ గుర్తు చాలు. దీనికి ఒక మినహాయింపు ఉంది, అదే ఇప్పుడు చాలామందిని దెబ్బతీస్తోంది. "లిమిటెడ్ ఎడిషన్" అని చెప్పి 300లో 47 అని నంబరు కొట్టి అమ్మే పిన్నులు వస్తున్నాయి. ఆ నంబరు అమ్మకం కోసం వేసిన నంబరు. 300 చేశారు, 300 మందీ జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులోనే ఉంచారు, పదేళ్ళ తర్వాత కూడా 300 ఉంటాయి. కొరత అనేది చేసినప్పుడు పుట్టదు, పోయినప్పుడు పుడుతుంది.

పోయిన పేర్లు

1983 జనవరి శాసనసభ ఎన్నికల్లో చొక్కాలకు పెట్టుకున్న రేకు బ్యాడ్జీల సంగతే చూడండి. ఊరూరా సంచులతో పంచారు. ఫలితాలొచ్చిన మర్నాటికి వాటితో ఎవరికీ పనిలేదు. పిల్లలు ఆడుకున్నారు, సూది ఊడింది, రేకు తుప్పు పట్టింది. విరివిగా పంచినా చక్కగా మిగిలినవి తక్కువ. దీనికి సరిగ్గా ఎదురు, వెండి పతకం. చేసిందే కొన్ని, అయినా ఎవరూ పారేయరు.

ఇత్తడి బిళ్ళలకు మరో గండం ఉంది, తూకం. పాత సామాన్ల కొట్లో బిళ్ళకూ బిందెకూ తేడా లేదు. రెండూ కిలోల లెక్కన మూసలోకి పోతాయి. పైగా సర్కారు బిళ్ళ బంట్రోతు సొంతం కాదు. ఉద్యోగం దిగేటప్పుడు తిరిగి అప్పగించాలి. కచేరీ పేరు మారితే పాత బిళ్ళలు వెనక్కి పోయి కొత్తవి వస్తాయి. కాబట్టి ఈ రోజు మన చేతికొచ్చేది ఎవరో అప్పగించడం మరిచిపోయినదో, పోయిందని చెప్పి ఇంట్లో ఉంచుకున్నదో అయి ఉంటుంది.

మన ప్రాంతపు బిళ్ళల్ని చదవడానికి మంచి తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది. పేర్లు మారిన తేదీలు గుర్తుంటే బిళ్ళ వయసు అదే చెబుతుంది. నెల్లూరు మీదుగా పోయే రైలుమార్గం మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేది. ఆ కంపెనీ ఆ పేరుతో 1908లో ఏర్పడి, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసింది. నెల్లూరు ఉన్న విజయవాడ డివిజను 1966 అక్టోబరు 2న కొత్తగా పుట్టిన దక్షిణ మధ్య రైల్వేకి వెళ్ళింది. అంటే కూలీ బిళ్ళ మీద "ఎం అండ్ ఎస్ ఎం" అక్షరాలుంటే 1951కి ముందుది, "ఎస్ ఆర్" ఉంటే ఆ మధ్య పదిహేనేళ్ళది, "ఎస్ సి ఆర్" ఉంటే 66 తర్వాతది. కొత్త బిళ్ళలు రావడానికి ఒక ఏడాది అటూ ఇటూ పట్టి ఉంటుందని మాత్రం మనసులో పెట్టుకోండి.

జిల్లాల పేర్లు ఇంకా పదునైన కొలమానం. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఏర్పాటుచేసిన జిల్లా పేరు ప్రకాశం కాదు, ఒంగోలు. ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. "ఒంగోలు జిల్లా" అని చెక్కిన డవాలీ బిళ్ళ ఎక్కడైనా బయటపడితే అది ఆ మూడేళ్ళ లోపుదే అయి తీరాలి. అలాగే "ఆంధ్ర రాష్ట్రం" అన్న పేరుతో సర్కారు నడిచింది 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా, సరిగ్గా మూడేళ్ళ ఒక నెల. వెంకటగిరి లాంటి జమీందారీ ఠాణాల బిళ్ళలైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతోనే ఆగిపోవాలి. ఇటుపక్క "పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అని ఉంటే 2008కి ముందుది కానే కాదు. పాతదని చెప్పి ఆ పేరున్న బిళ్ళను ఎవరైనా అంటగడితే మారుమాట లేకుండా లేచి రావచ్చు.

బతికిన కాలం తక్కువైన పేరు మీద సేకర్తలకు ఇంత మోజెందుకు? ఆ పేరు మళ్ళీ రాదు కాబట్టి. ప్రపంచమంతా ఇదే తీరు. ఒలింపిక్ పిన్నుల మూలం 1896 ఏథెన్సులో ఆటగాళ్ళను, అధికారులను, పత్రికలవాళ్ళను గుర్తుపట్టడానికి ఇచ్చిన అట్టబిళ్ళలు. ఆ దారిలో సేకర్తలు ఎగబడేవాటిలో 1940 టోక్యో పిన్నులు ఉన్నాయి. ఆ ఆటలు జరగనే లేదు. 1938లో జపాన్ వదులుకుంది, తర్వాత యుద్ధం మింగేసింది. జరగని ఆటలకు పిన్ను మిగిలింది.

రెండు వీధులవాళ్ళు ఒకే గుమ్మం ముందు

తక్కువున్నంత మాత్రాన సరిపోదు, అడిగేవాళ్ళుండాలి. ఒక చిన్న ఊరి బడి యాభై ఏళ్ళ కింద ఇరవై మందికి ఇచ్చిన బ్యాడ్జి లోకంలో మూడే మిగిలి ఉండొచ్చు. ఆ బడిలో చదివినవాళ్ళకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. విలువ ఎగిసేది ఒకే పిన్ను కోసం రెండు మూడు రకాల సేకర్తలు పోటీపడ్డప్పుడు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్ళినప్పుడు రెండు దేశాల జెండాలతో వచ్చిన బ్యాడ్జీలున్నాయి. అంతరిక్షపు వస్తువులు సేకరించేవాళ్ళకు అవి కావాలి, సోవియట్ బ్యాడ్జీలవాళ్ళకు కావాలి, మన దేశపు వస్తువులు పోగేసేవాళ్ళకూ కావాలి. పక్కనే పెట్టిన సాదా లెనిన్ బిళ్ళకు ఒక్క గుంపే.

శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళ కుటుంబాలు సూళ్ళూరుపేట నుంచి నెల్లూరు దాకా ఉన్నాయి. ఆ ఇళ్ళలో సర్వీసు రోజుల జ్ఞాపికలు ఏవైనా ఉంటే వాటిని ఇదే కళ్ళతో చూడాలి. చంద్రయాన్-3 బొమ్మతో ఇప్పుడు ఎవరైనా పిన్ను చేయించి అమ్మొచ్చు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన రోజు అక్కడ డ్యూటీలో ఉన్న మనిషికి చెందిన వస్తువు మాత్రం, ఆ సంగతికి రుజువుంటే, వేరే పంక్తిలో కూర్చుంటుంది.

మన పట్టణాల్లో ఈ రోజుకీ పిన్నులు చేతులు మారే చోటు లయన్స్ క్లబ్బులు. వాళ్ళ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కొత్తగా వచ్చిన జిల్లా గవర్నరు తన ఏడాదికి పిన్ను చేయించి సభల్లో ఇస్తుంటారు. మహాసభలకు వెళ్ళినవాళ్ళు సంచీ నిండా తీసుకుపోయి మార్పిడి చేసుకుంటారు. దీనికో పద్ధతి ఉంది. అమ్మడం కాదు, ఒకటికి ఒకటి. మార్పిడికి కూర్చునే ముందు మీ దగ్గర రెండేసి ఉన్నవే బల్లమీద పెట్టండి. ఒక్కటే ఉన్నది బయటికి తీస్తే ఎదుటివాడి కన్ను దానిమీదే పడుతుంది, కాదనలేక ఇచ్చేసి ఇంటికొచ్చి బాధపడతారు.

బల్లమీద పరీక్ష

ఖరీదైన పిన్ను అనగానే నకిలీ వెన్నంటే ఉంటుంది. పరీక్షకు కావలసినవి పది రెట్ల భూతద్దం, 0.1 గ్రాము తూచే చిన్న తక్కెడ, అడ్డం, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, అయస్కాంతం, పక్కనుంచి పడే దీపం. ముందు తూకం, కొలత, ఆ తర్వాతే బొమ్మ. బొమ్మ ముందు చూస్తే మనసు పడిపోతుంది, ఆ పైన తక్కెడ ఏం చెప్పినా వినం.

ఒక లెక్క పెట్టుకోండి. 30 మిల్లీమీటర్ల అడ్డం, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న సాదా గుండ్రటి బిళ్ళ అల్యూమినియమైతే 3 గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. జింకు మిశ్రమమైతే 7, ఇత్తడైతే 9, వెండైతే 11 గ్రాములు. సూది, కొక్కెం బరువు ఒక అర గ్రాము కలుపుకోండి. ఇత్తడి అని చెప్పింది 7 దగ్గర ఆగితే అది జింకు పోత మీద ఇత్తడి పూత. అయస్కాంతం ఇనుమును పట్టేస్తుంది, ఇత్తడినీ రాగినీ జింకునూ పట్టదు. సూది ఉక్కుది కావచ్చు కాబట్టి సూదికి దూరంగా, అంచు దగ్గర పెట్టి చూడాలి. సూది దగ్గర లాగిందని మొత్తం బిళ్ళను ఇనుపదని తీసిపారేసిన సందర్భాలు ఎన్నో.

తర్వాత అంచు. ఉక్కు అచ్చుతో కొట్టిన పిన్ను అంచు కోసినట్టు శుభ్రంగా ఉంటుంది, అక్షరాల గోడలు నిటారుగా లేస్తాయి. అసలు దాన్నుంచి మూస తీసి పోసిన నకిలీలో అంచు చుట్టూ సన్నని అతుకు గీత, దాన్ని ఆకురాయితో రుద్దిన గుర్తులు, బొమ్మలో మూలలు కరిగినట్టు మొద్దుబారడం, అక్కడక్కడ సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి. పోసిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు కుంచించుకుపోతుంది. 60 మిల్లీమీటర్ల బిళ్ళకు నకలు తీస్తే దాదాపు ఒక మిల్లీమీటరు చిన్నదవుతుంది. అసలైనదాని కొలత మీ దగ్గర రాసుంటే కాలిపర్ ఒక్కటే గుట్టు బయటపెడుతుంది.

రైల్వే, కచేరీ బిళ్ళల నకిలీలు అలంకారం కోసం పెద్దఎత్తున తయారవుతున్నాయి కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగాలి. చేత్తో చెక్కిన అక్షరాన్ని భూతద్దంలో చూస్తే ఉలి దిగిన చోట సన్నగా మొదలై, మధ్యలో లోతై, మళ్ళీ సన్నగా తేలుతుంది. గాడి అడుగు కోణంగా ఉంటుంది. రెండు "ర"లు ఒకేలా ఉండవు. లేజరుతో చెక్కిందైతే గాడి అడుగు చదునుగా, అంచులు కాలినట్టు నల్లగా, ప్రతి అక్షరం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఇసుకలో పోతపోసిందైతే అక్షరాల మధ్య నేల గరుగ్గా, కంకర పరిచినట్టు కనిపిస్తుంది. వెనక తోలుపట్టీ దూర్చే కొక్కేలు చూడండి. ఏళ్ళ తరబడి పట్టీ రాసుకున్న చోట లోహం అరిగి నున్నగా మెరవాలి. బిళ్ళంతా పాతగా ఉండి కొక్కెం లోపలి అంచు పదునుగా ఉంటే ఆ బిళ్ళ ఏ భుజం మీదా వేలాడలేదు.

నిజమైన వయసు ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. చెయ్యి తగిలే ఎత్తుల్లో మెరుపు, చెయ్యి చేరని పల్లాల్లో నలుపు. పూసిన వయసు అంతటా ఒకేలా ఉంటుంది. థిన్నరులో ముంచిన దూదిపుల్లతో వెనక ఒక మూల తుడిస్తే బూటు పాలిషు, రంగు కలిపిన లక్క ఊడివస్తాయి. అయితే రంగులున్న ముఖం మీద థిన్నరు తగలనివ్వకండి.

ఎనామెల్ సంగతి విడిగా చెప్పాలి. మూడు రకాలున్నాయి. పాత మీనాపనిలో రాగి గళ్ళలో గాజుపొడి నింపి 800 డిగ్రీల అటూ ఇటూ కొలిమిలో కాలుస్తారు. భూతద్దంలో గాజు లోపల చిన్న గాలిబుడగలు, లోతు కనిపిస్తాయి. దాన్ని ఉక్కు సూది గీయలేదు. కానీ కింద పడితే పెంకు లేచిపోతుంది, మళ్ళీ అతకదు. ఇప్పటి "హార్డ్ ఎనామెల్" గాజు కాదు. రంగు జిగురును లోహపు గీతల ఎత్తుదాకా నింపి, వేడిపెట్టి, సానపట్టి చదును చేస్తారు. వేలు పోనిస్తే ఎక్కడా తగలదు. "సాఫ్ట్ ఎనామెల్"లో రంగు గీతల కంటే కిందికి దిగి ఉంటుంది, వేలికి గట్లు తగులుతాయి. గాజు అని చెప్పి హార్డ్ ఎనామెల్ అమ్మడం తరచూ జరిగే మోసం. నిర్ధారణకు సూదితో గీయకండి. అసలైనదైతే ఏమీ కాదు, కాకపోతే బేరం కుదరకముందే వస్తువు పాడుచేసినవాళ్ళవుతారు. దీపం ఏటవాలుగా వేసి బుడగల కోసం చూడండి చాలు.

కొత్త పిన్నుల్లో నకిలీకీ అసలుకూ మధ్య ఒక చిక్కు రకం ఉంది. 1999 అక్టోబరులో డిస్నీ వరల్డ్‌లో పిన్నుల మార్పిడి మొదలయ్యాక ఇది బాగా ముదిరింది. వాళ్ళ సేకర్తలు వీటిని "స్క్రాపర్లు" అంటారు. అసలు అచ్చుతోనే, ఆర్డరు కంటే ఎక్కువ కొట్టినవో, తనిఖీలో తీసేసినవో దొడ్డిదారిన బయటికొస్తాయి. అచ్చు అసలుదే కాబట్టి కొలత కలుస్తుంది. తేడా పూతలో, రంగులో దొరుకుతుంది. రంగు గళ్ళు సగమే నిండటం, ఒక రంగు పక్క గడిలోకి పాకడం, అంచులు గరుగ్గా ఉండటం, వెనక కాడ వంకరగా అతకడం. మీరు ఎవరి చేతనైనా పిన్ను చేయిస్తుంటే, పని ముగిశాక అచ్చు ఏం చేస్తారన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. అచ్చు వాళ్ళ దగ్గరే ఉంటే మీ "100 మాత్రమే" అన్న మాటకు పూచీ లేదు.

రేకు బ్యాడ్జీలకు ఇవేవీ పనికిరావు. రేకు, కాగితం, పైన ప్లాస్టిక్ పొర కలిపి వత్తే యంత్రం ఇప్పుడు ఫొటోస్టూడియోల్లోనూ ఉంటోంది. కాగితాన్నే చూడాలి. పాత అచ్చు రంగు ఒకే మందంగా పడి ఉంటుంది, లేదా వరసగా చుక్కలుంటాయి. ఇంక్‌జెట్ ప్రింటరు రంగులు ఇసుక చల్లినట్టు చిందరవందరగా ఉంటాయి. స్వాతంత్ర్యోద్యమ కాలపు బ్యాడ్జి అని చెబితే నోట్లు పరీక్షించే నీలి దీపం కింద పెట్టండి. కాగితానికి తెలుపునిచ్చే రసాయనాలు వాడుకలోకి వచ్చింది సుమారు 1950 నుంచి. 1930ల కాగితం ఆ దీపం కింద తళతళా వెలగకూడదు.

చింతపండు చేసే నష్టం

మన ఇళ్ళలో ఇత్తడి కనబడితే చెయ్యి చింతపండు మీదికి పోతుంది. పండక్కి ముందు దీపపు కుందులతో పాటు తాతగారి బిళ్ళనూ చింతపండు, ముగ్గుపొడి పెట్టి తోమేస్తారు. పులుపు చిలుముతో పాటు కాలం వేసిన నలుపంతా తీసేస్తుంది, పొడి అక్షరాల అంచుల్ని అరగదీస్తుంది. ఎక్కువసేపు నానబెడితే పైపొరలోంచి జింకు కరిగిపోయి ఇత్తడి ఎర్రబారుతుంది. ఒక్క మధ్యాహ్నంలో నూరేళ్ళ రుజువు కాలవలో కలిసిపోతుంది. అలా తోమిన బిళ్ళను చూసి సేకర్త నిట్టూర్చి పక్కన పెడతాడు. దుమ్ముంటే మెత్తని కుంచెతో దులపండి. మురికి జిడ్డుగా ఉంటే బ్యాటరీ నీళ్ళ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరుతో తడిపిన దూదితో అద్ది, వెంటనే ఆరబెట్టండి. అక్కడితో ఆపండి.

సముద్రపు గాలి మన రెండో శత్రువు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి ఏడాది పొడవునా ఉంటుంది. దీనికి తోడు నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో గోడలే చెమ్మగిల్లుతాయి. ఇత్తడికి పచ్చని చిలుము, ఇనుప పిన్నుకు సూది అతుకు దగ్గర తుప్పు ఈ మూడు నెలల్లోనే మొదలవుతాయి. 10 లీటర్ల మూత బిగుతైన డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్ ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకో, నారింజవి ఆకుపచ్చకో మారితే తేమతో నిండిపోయాయని గుర్తు. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. తినే పదార్థాలు పెట్టే ఓవెన్ వద్దు.

మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీ ఆల్బమ్ పేజీలు వాడకండి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటిలోంచి ఆమ్లం ఊరి పిన్ను మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. పాలీప్రొపిలీన్ కవర్లు మంచివి. ప్లైవుడ్ సొరుగు కంటే స్టీలు బీరువా నయం. వెనక సూదికి తొడిగే రబ్బరు బిరడాలు వెండిని నల్లబరుస్తాయి కాబట్టి వెండి పిన్నులకు లోహపు బిరడాలే ఉంచండి. కలరా ఉండలు మాత్రం ఆ దరిదాపుల్లో వద్దు, ప్లాస్టిక్ పొరల్ని అవి మెత్తబరుస్తాయి.

రుజువు రాసే పద్ధతి

ఎంత మంచి బిళ్ళయినా దాని కథ ఒక మనిషి జ్ఞాపకంలోనే ఉంటే ఆ మనిషితోనే పోతుంది. ఇంట్లో డవాలీ బిళ్ళ ఉంటే దాంతో పాటు నియామకపు ఉత్తర్వు, పెన్షను కాగితం, బిళ్ళ పెట్టుకుని దిగిన ఫొటో ఏదైనా ఉందేమో వెతకండి. ఫొటోలో బిళ్ళ మీది నంబరు కనబడితే అంతకు మించిన సాక్ష్యం లేదు. వంద ఏళ్ళు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు. అలాంటిదాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నేరం, ఆన్‌లైన్‌లో అడిగిన విదేశీ బేరగాడికి పోస్టు చేయకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న పోలీసు, సైన్యపు బ్యాడ్జీల జోలికి అసలు పోవద్దు.

ప్రతి పిన్నుకూ ఒక చిన్న కార్డు రాయండి. ఎవరిది, ఏ పదవి, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరాల్లో, ఎవరి ద్వారా మీకు వచ్చింది, ఎప్పుడు. కింద అడ్డం, మందం, బరువు. విన్నదాన్ని "విన్నది" అనీ, కాగితం చూసి రాసినదాన్ని "చూసినది" అనీ విడివిడిగా గుర్తుపెట్టండి. ముందు, వెనక, అంచు, మూడు వైపులా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కార్డు పెన్సిలుతో రాయండి. ఇంకుపెన్ను సిరా నవంబరు చెమ్మకు పాకుతుంది.